ఉతికిన దుప్పటి

హలో… ఆ, నానే సిస్టర్, అంబులెన్స్ దేవీప్రసాద్‌ని. ఆశాజ్యోతి గారేనా?…

ఇందాక వన్‌టౌన్ నించి తెచ్చాం కదా, ఇంట్లో కాన్పయిన అమ్మాయి, నర్గీస్… ఆ, ఆవిడే. ఎలా ఉంది?

పడుకుందా… లేదు, లేపండి. ఒకసారి లేపి చూడండి.

నాను కాయితం మీద మూడొందల ఎమ్మెల్ రక్తం పోయిందని రాశాను. అది తప్పు…

కూర్మన్నపాలెంలో ఉన్నాం, ఇంకో కేసుకొచ్చాం. ఇప్పుడే నర్గీస్ వాళ్ళత్తగారు షరీఫున్నీసా గారు ఫోన్ చేశారు, పరుపు ఉతకాలా పారెయ్యాలా అని. ఎత్తి చూడండమ్మా అన్నాను. ఇద్దరు పట్టినా లేవట్లేదంట… దూది పరుపు సిస్టర్. మొత్తం పీల్చేసింది.

…చూశాను. నాను చూసింది పైన దుప్పటి. మగాళ్ళు వస్తన్నారని, మేం వెళ్ళేలోపలే ఉతికిన దుప్పటి పరిచేశారంట. దానిమీద అరచెయ్యంత మరక. అదే చూసి రాసేశాను.

ఎంతని చెప్పను… లీటరు పైనే. ఇంకా ఎక్కువేమో కూడా.

బీపీ బాగుందా… బండిలోనూ బాగానే ఉంది. దాన్నే నమ్మాను. చిన్న వయసు కదా, ఒళ్ళు చివరిదాకా ఓర్చుకుంటాది, తర్వాత ఒక్కసారే పడిపోతాది. నాడి చూడండి. నాను లైన్లోనే ఉంటాను…

…

నూట నలభయ్యా.

చేతులు?… చల్లగా ఉన్నాయా… దాహమంటందా. డాక్టరమ్మని పిలవండి, ముందు పిలవండి…

…

ఆ, ఉన్నాను… రక్తం ఎక్కిస్తన్నారా. థియేటర్‌కి తీసుకెళ్తన్నారా… ఏటన్నారు డాక్టరమ్మ?… టైముకే తెలిసిందన్నారా. సాయంత్రానికి గానీ గట్టిగా చెప్పలేనన్నారా… సరే.

కాయితం మీద నా అంకె కొట్టెయ్యకండి. ఉండనివ్వండి. కింద ఇంకోటి రాయండి.

వాళ్ళాయన అక్కడే ఉన్నాడా, ఫారూఖ్?… ఏటి చెప్పారు ఆయనకి?… ఫోనివ్వండి. లేదు సిస్టర్, నానే చెప్పాలి…

…

ఫారూఖ్ గారూ, అంబులెన్స్‌లో మీ పక్కన కూర్చున్నాను… ఆ, దేవీప్రసాద్‌ని… థాంక్స్ వద్దండి, ముందు ఇనండి.

ఆవిడకి రక్తం చాలా పోయింది. కొంచెమే పోయిందని నాను రాశాను. నా రాత నమ్మి అక్కడ గంటసేపు ఊరుకున్నారు… ఇప్పుడు ఎక్కిస్తన్నారు, మంచి డాక్టరమ్మే చూస్తంది…

ఇప్పుడు ఫోన్ చెయ్యకపోతేనా…

…

దక్కేది కాదండి.

…తిట్టండి, వింటాను… పెట్టెయ్యకండి, ఫారూఖ్ గారూ—