తాతయ్య వణుకు

పరిశోధన ఆసుపత్రి వరండాలో మేనత్త, మేనకోడలు కూర్చున్నారు. మూడు తరాల వివరాలను ఇంట్లోవాళ్ల వైద్య రికార్డులతో కలిపి చూస్తే మేనకోడలి తండ్రి ప్రాణం తీసిన జబ్బు ఎవరి నుంచి ఎవరికి దిగిందో తేలుతుందని లోపల డాక్టరమ్మ చెప్పింది. అందుకు ఇంటి పెద్దగా మేనత్త ఒప్పుకోవాలి. ఆ మాట చెప్పించకుండా ఇంటికి వెళ్లకూడదని మేనకోడలు నిశ్చయించుకునే వచ్చింది.

“అత్తయ్యా, తాతయ్య ఎలా పోయారు?”

“ఎన్నిసార్లు చెప్పాలే? మెట్ల మీంచి పడి.”

“పడకముందు?”

“నిక్షేపంలా ఉన్నారు.”

“నాన్ననీ అలాగే అన్నారు. చివరికి చెంచా పట్టుకోలేకపోతే నేనే తినిపించాను.”

మేనత్త వరండాలో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“తాతయ్యకీ చేతులు వణికేవి. చుక్క ముట్టని మనిషిని పట్టుకుని తాగుబోతన్నారు. వంశానికే రోగమనిపించుకోవడం కంటే అదే నయమని మా అమ్మ నోరు మెదపలేదు.”

“ఇక్కడ మన పేర్లు బయటపెట్టరు.”

“గోడలకి చెవులుంటాయే.”

“ఉండనీ. రేపు నా పిల్లలకి వస్తుందో రాదో ఆ గోడలు చెప్పవుగా.”

“చెబితే మందు దొరుకుతుందా?”

“ఇప్పుడే దొరకదు. అందరూ దాచుకుంటే ఎప్పటికీ దొరకదు.”

మేనత్త ఒళ్లో అదిమి పెట్టుకున్న కుడిచెయ్యి పైకి తీసింది. వేళ్లు వాటంతటవే కదులుతున్నాయి. మేనకోడలు ఆ చేతిని పట్టుకుని ఏడ్చేసింది.

“అత్తయ్యా... ఎప్పట్నుంచి?”

“ఏడుపు తర్వాత, ముందు లే. తాతయ్యతో కాదు, నాతో మొదలుపెట్టమను డాక్టరమ్మని. అడిగితే జవాబు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.”