నాలుగో గేర్లో పాట

"నిన్న మైదానంలో బ్యాండ్ల పండగకి వెళ్ళానక్కా, పొద్దున్నించీ సాయంత్రం దాకా అక్కడే ఉన్నా" అంటూ మామయ్య వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లోపల టీ వడపోస్తున్న మేనకోడలు గ్లాసు వదిలి గుమ్మం వైపు చూసింది, సగం టీ గట్టు మీద పోయింది.

ఆ పిల్ల భయానికి కారణం ఉంది. ఆదివారం ల్యాబులో డ్యూటీ పడిందని అమ్మతో చెప్పి, వెళ్ళింది ఆ మైదానానికే. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుందన్నది ఎంత నిజమో, 'తడిగోడ' అనే బ్యాండులో డ్రమ్స్ వాయిస్తుందన్నదీ అంతే నిజం. ఆ రెండో నిజం ఇంట్లో ఎవరికీ తెలీదు. చదువుకునే రోజుల్లో ఓసారి డ్రమ్స్ నేర్చుకుంటానని అడిగితే, అమ్మ కుట్టుమిషను ఆపకుండానే, ముందు నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు, చప్పుళ్ళు తర్వాత చేద్దువుగాని అంది. సరే, నిలబడ్డాకే చెబుదామనుకుంది. నిలబడింది కూడా. కానీ ఈలోగా రిహార్సల్స్ కోసం ఆడిన అబద్ధాలు చిక్కుపడ్డ దారంలా తయారై, ఏ కొస పట్టుకుని విప్పాలో తెలియకుండా పోయింది.

నిన్న వేదికెక్కి డ్రమ్స్ ముందు కూర్చుని తలెత్తేసరికి, ముందు వరసలో చివరి కుర్చీలో మామయ్య. టోపీ కళ్ళ దాకా లాక్కుని, పక్కవాడి నల్లద్దాలు అడిగి పెట్టుకుంది. అయినా గుర్తుపట్టాడేమోనన్న దిగులు ఇంటిదాకా వెంటే వచ్చింది.

మామయ్యకి డ్రైవింగ్ స్కూలు ఉంది. స్కూలంటే ఒక పాత కారు, దానికి రెండు వైపులా బ్రేకులు, అంతే. పగలంతా పక్క సీట్లో కూర్చుని, మెల్లగా, మెల్లగా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే మనిషి, కారు దిగాక మాత్రం మాటల్తో కోటలు దాటేస్తాడు. ఆయనకి బ్రేకులున్నది కారులోనే గాని నోటికి లేవని అమ్మ అంటూ ఉంటుంది.

టీ గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చి, మేనకోడలు గడప మీద కూర్చుంది. అక్కణ్ణించి మామయ్య మొహం బాగా కనిపిస్తుంది. అమ్మ మిషను తొక్కుతూ వింటోంది. ప్యాంటు కురచ చేయించుకుందామని వచ్చిన పక్కింటి ఫ్రిజ్ మెకానిక్కు, తన పని ఎలాగూ ఆలస్యమయ్యేలా ఉందని, మామయ్యకి ఎదురుగా చేరగిలబడ్డాడు. బ్యాండ్లంటే పెళ్ళిళ్ళలో ఊదేవాళ్ళా అని అడిగాడు.

మామయ్య ఆయనకేసి జాలిగా చూసి, ఇవి ఇండీ బ్యాండ్లని, ఏ కంపెనీ అండా లేకుండా సొంత పాటలు సొంతంగా కట్టుకుని పాడుకునే పిల్లలని చెప్పాడు. అంతవరకూ నిజమే. తన దగ్గర కారు నేర్చుకుంటున్న టీచరమ్మ తనకొచ్చిన పాసు ఇచ్చిందన్నాడు. అదీ నిజమే కావచ్చు. ఆ తర్వాతే బండి గేరు మారింది.

గేటు దగ్గరివాడు మామయ్య నడక చూసి, సార్ ఏ బ్యాండు అని అడిగి, ఆయన నోరు విప్పేలోగా తీసుకెళ్ళి వేదిక వెనక కూర్చోబెట్టాడట. అక్కడో కుర్రాడు గిటారు శ్రుతి కుదరక కిందామీదా పడుతుంటే, మామయ్య దూరం నుంచే విని, మూడో తీగ ఒక్క వెంట్రుకవాసి బిగించమన్నాడట. బిగించగానే గిటారు దానంతటదే మోగిందట. ఇంకో పాటగాడికి గొంతు పూడుకుపోతే మామయ్య ఎదురుగా నిలబడి ఒక్కసారి సకిలించాడట. ఇటు ఈయన సకిలిస్తే అటు వాడి గొంతు తెరుచుకుందట.

"అదెంతలే, అసలు సంగతి మధ్యాహ్నం జరిగింది" అని మామయ్య గ్లాసు కింద పెట్టాడు. "కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. జనం లేచిపోతున్నారు, పిల్లల మొహాలు చూడలేకపోయాను. నా కారు తెచ్చి వేదిక పక్కన పెట్టి, బ్యాటరీకి రెండు తీగలు తగిలించి, ఇంజను స్టార్ట్ చేశా. మైకులన్నీ లేచి కూర్చున్నాయి. కాకపోతే ఒక్కటే చిక్కు, పాట నా గేర్లని బట్టి నడుస్తోంది. ఫస్టులో ఉంటే జోలపాట. నాలుగో గేరు వేశానా, జనం కుర్చీలెక్కి గంతులు. ఎవరో పెద్దాయనకి గుండెదడ వస్తోందంటే క్లచ్ నొక్కి మెల్లగా సెకండుకి దించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి జారి రివర్సు పడింది. పాపం ఆ పిల్లలు పాటని చివర్నించి మొదటికి పాడేశారు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా."

అంతసేపు బ్యాటరీ ఎలా ఆగిందని మెకానిక్కుకి అనుమానం వచ్చింది.

"బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. నా మీద గౌరవం కొద్దీ నడిచింది" అన్నాడు మామయ్య.

అమ్మ పంటి కింద దారం పెట్టుకుని నవ్వింది. గడప మీద పిల్లకీ నవ్వొచ్చింది. గుర్తుపట్టి ఉంటే ముందు ఆ సంగతే చెప్పేవాడు, గుర్తుపట్టలేదని తేలిపోయింది. ప్రాణం కుదుటపడి, తన టీ తను తాగడం మొదలుపెట్టింది.

"ఆ పొద్దుగూకే వేళ తడిగోడ అని ఓ బ్యాండు ఎక్కింది" అన్నాడు మామయ్య. "గోడ సంగతేమో గాని లోపల సరుకు లేదు. డ్రమ్స్ దగ్గర బక్కపలచటి కుర్రాడొకడు, మొహం నిండా టోపీ, నల్లద్దాలు. రెండో పాటకే వాడి చేతిలోంచి కర్ర జారి కింద పడింది."

మేనకోడలు గుటక వెయ్యడం మరిచిపోయింది. అది నిజంగా జరిగింది. కర్ర జారింది. చెమట చేతిలోంచి అది ఎగిరిపోవడం చూసిన క్షణంలో ఆమెకి ఏమీ వినబడలేదు. కానీ ఎడమ చెయ్యి ఆగలేదు, కాలు ఆగలేదు, మోకాలి పక్క సంచిలోంచి ఇంకో కర్ర లాగి అదే దెబ్బ మీద దించింది. పక్కన గిటారువాడికి కూడా తెలీలేదు. నిన్నటి రోజు మొత్తంలో తనకి తనే భుజం తట్టుకున్న సంగతి అదొక్కటే. ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది.

"ఇంకేముంది, వాడు భోరున ఏడుస్తూ వెనక మెట్ల మీంచి పరుగు" అన్నాడు మామయ్య. "చేతకానివాళ్ళకి వేదికెందుకు చెప్పండి. పాట మధ్యలో ఆగిపోయింది. నేనే ఎక్కి కూర్చున్నా. నేనెత్తుకున్న ఊపుకి పైన మబ్బులు, తమవాళ్ళెవరో కింద ఉరుముతున్నారనుకుని నాలుగు దిక్కుల్నించీ పరిగెత్తుకొచ్చాయి. వాన దంచేసింది. అవతలి వీధుల్లో ఆడవాళ్ళు డాబాలెక్కి బట్టలు తీసుకున్నారు."

నిన్న తన డాబా మీద చుక్క కూడా పడలేదన్నాడు మెకానిక్కు.

"పడదు. నేను మీ వైపుకి వాయించలేదు."

మెకానిక్కు పగలబడి నవ్వాడు, అమ్మ కూడా నవ్వింది. మేనకోడలికి మాత్రం చెవులు వేడెక్కాయి. ఊరుకుంటే గుట్టు గుట్టుగానే ఉంటుంది. నోరు మూసుకుని టీ తాగేస్తే చాలు, వచ్చే ఆదివారం మళ్ళీ డ్యూటీ అని బయల్దేరొచ్చు. కానీ ఏడ్చి పారిపోయాడన్న ముక్క మింగుడు పడలేదు.

"ఏడవలేదు మామయ్యా" అంది. "పారిపోనూ లేదు. ఇంకో కర్ర తీసి వాయించారు. పాట ఆగలేదు."

మిషను ఆగింది. నీకెలా తెలుసని అడిగింది అమ్మ.

"అక్కడున్నది కుర్రాడు కాదమ్మా. నేనే."

ముందుగా తేరుకున్నది మామయ్యే. తనకి మొదట్నించీ తెలుసనీ, పిల్ల గుట్టు బయటపడకూడదనే కుర్రాడన్నాననీ, కడుపులో పెట్టుకు దాచుకున్నాననీ గబగబా అందుకున్నాడు.

"సరే. మరి నా కూతురు ఎలా వాయించింది?" అంది అమ్మ.

"అబ్బో, అమోఘం అక్కా. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది."

"మామయ్య చెవుల్లో ఉన్నది దూదమ్మా" అంది మేనకోడలు. "ఇంతింత ఉండలు. వేదిక మీదికి తెల్లగా కనిపించాయి."

మామయ్య చెయ్యి తెలియకుండానే చెవి మీదికి వెళ్ళింది. మెకానిక్కు టీ పొరమారి దగ్గుతూ వరండా దిగిపోయాడు. అమ్మ నవ్వలేదు. తమ్ముణ్ణి చూసింది, కూతుర్ని చూసింది.

"మేనమామ పోలిక రాకుండా ఉంటే చాలనుకున్నాను. వచ్చింది" అంది. "కాకపోతే ఇది చేసి చెప్పలేదు. నువ్వు చెయ్యకుండా చెప్పావు."

కారు నేర్చుకునేవాళ్ళు వచ్చే వేళైందని మామయ్య లేవబోయాడు.

"కూర్చోరా" అంది అమ్మ. మిషను మీది గుడ్డ మడిచి పక్కన పెట్టి, కుర్చీ కూతురి వైపు తిప్పుకుంది. "ఇప్పుడిది చెబుతుంది. నువ్వు వింటావు."