కొండకి వీపు తిప్పని చంద్రకాంతమ్మ

ఏమే నవీనా, అవ్వ మిద్దెమీద గాలికి చేతులూపుతా వుందని నవ్వుతా వుండావా? నవ్వులే, మేమూ ముందు నవ్వినోళ్లమే. దీన్ని తాయ్ చీ అంటారు, చైనావోళ్ల కసరత్తు. సూడు, మోకాళ్లు కొంచెం వంగల్ల. ఇప్పుడు నా బరువంతా ఈ కాలిమీద వుండాది. మెల్లంగా, మొలలోతు నీళ్లలో నడిచినట్టు, ఆ కాలిమీదికి పోతా వుండాది. పూర్తిగా పోయిందా? అప్పుడే ఈ కాలు లేపల్ల. అర్థమయిందా? అంతే పాఠం, మిగతాదంతా దీనికి తోక. నన్ను దీంట్లో నిలబెట్టింది చంద్రకాంతమ్మ. నీకు తెలీదులే, నువ్వు పాలు తాగే బిడ్డప్పుడే పోయినాది. పక్కింట్లో వుండేది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. ఏటేటా గంగమ్మ జాతరకి అంబలికుండ నెత్తిన పెట్టుకోని గుడిదాకా నడిచిపోయేది. అట్లాంటి మనిషి ఒకనాడు బాత్రూములో పడింది. ఎముక అతుక్కున్నాది గానీ ధైర్యం అతుక్కోలా. గోడ పట్టుకోకుండా అడుగెయ్యదు. కోడలు భానుప్రియ మంచిదే, ఊరికే చెప్పకూడదు. 'అత్తా, ఈ ఏడు కుండ నేనెత్తుకుంటా, నువ్వు ఆటోలో రా' అనింది. అంతే, ఈమె అన్నం ముట్టలా. 'ఆటోలో ఊరేగేదానికి నేనేమన్నా ఉత్సవ విగ్రహమా మే?' అని నా దగ్గర ఏడ్చింది. ఆ కుండ మళ్లా తనే ఎత్తల్ల, తనే నడవల్ల. ఇంకేం వద్దు ఆమెకి.

ఆ టయానికే పార్కులోకి దయానంద్ అని ఒక అబ్బోడు వచ్చినాడు. ఆస్పత్రిలో కీళ్లకి కసరత్తు చేయించే ఉద్యోగం. మద్రాసులో ఈ తాయ్ చీ నేర్చుకోనొచ్చి, పెద్దోళ్లకి పొద్దున్నే నేర్పిస్తానన్నాడు. చంద్రకాంతమ్మని రెక్క పట్టుకోని పిలుచుకోని పోయినా. మొదటిదినం ఏమయిందనుకున్నావు? ఆ అబ్బోడు కండ్లు మూసుకోని, ఊపిరి పీలుస్తా, రెండు చేతులూ మెల్లంగా పైకెత్తినాడు. చేతులు పైకి లేస్తే మన తిరపతోళ్లు ఏం చేస్తారు? అందరం ఒక్క గొంతుతో 'గోవిందా... గోవిందా!' పార్కులో పావురాలన్నీ లేచిపోయినాయి. చిన్నబ్బ అని, రేణిగుంట రైల్వేలో చేసి రిటైరయినాయన, కండ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. దయానంద్ బిత్తరపోయి, 'అమ్మా, ఇది భజన కాదమ్మా, ఊపిరి' అన్నాడు. 'ఊపిరికన్నా గోవిందుడు తక్కువా నాయనా?' అనింది చంద్రకాంతమ్మ. ఇంక యాడ పాఠం! సరే, చేతులవరకూ ఎట్లో నడిచింది. తర్వాత తిరిగేది వచ్చింది. ఈ కసరత్తులో ఒకే దిక్కు చూస్తా నిలబడితే కాదు, మెల్లంగా వెనక్కి తిరగల్ల. మేమేమో కొండకి మొగంపెట్టి నిలబడుండాము. 'తిరగండమ్మా' అన్నాడు. చంద్రకాంతమ్మ కొయ్యలాగా నిలబడిపొయ్యి, 'స్వామికి వీపు చూపిస్తామా? పాపం కాదా?' అనింది. అయిపాయ, ఎవురూ తిరగలా. పోనీ తూర్పుకి నిలబడదామన్నాడు పాపం. యాట్నుంచి మొదలుపెట్టినా, తిరిగేటప్పుడు ఒకసారి కొండకి వీపు రావాల్సిందే గదా! ఒకరొకరే రావడం మానుకున్నారు. 'టీచరమ్మా, నేనింక నిలిపేస్తా' అన్నాడు ఆ అబ్బోడు నాతో.

నాకు మాత్రం అనుమానం. బడిలో పిల్లోళ్లని చూసిన కండ్లు గదా ఇవి, లెక్క రాని బిడ్డకే కడుపునొప్పి వస్తాది. ఇంటికొస్తా అడిగినా, 'అక్కా, కాణిపాకం బస్సెక్కినప్పుడు కొండకి వీపు పెట్టే గదా పోతావు?' అని. ఇల్లు చేరి అరుగుమీద కూలబడినాక చెప్పింది: 'పాపం లేదు, పుణ్యం లేదు మే. బాత్రూములో నేను పడింది పక్కకి తిరగబోయే. తిరగమంటే కాళ్లకింద నేల లాగేసినట్టుంటాది. భయమని చెప్తే భాను నన్ను కుండ తాకనిస్తాదా?' సూసినావా, భయానికి దేవుడి పేరు కప్పింది. మేమంతా అది భక్తి అనుకుంటిమి. మర్నాడు ఆమే పొయ్యి, ఉన్న నలుగురూ వినేటట్టు, 'నాయనా, నాకు స్వామితో పేచీ లేదు. తిరగాలంటే భయం. నేర్పించు' అనింది. ఆ నోటితో ఆ మాట చెప్పేదానికి ఎంత ధైర్యం కావల్లో చెప్పు? దయానంద్ నవ్వలా. 'మీరు నడుము తిప్పేస్తా వుండారు, కాలు యాడిదాడనే వుండిపోతా వుండాది. బరువు ఒక కాలికి ఇచ్చేయండి. ఖాళీ అయిన కాలిని మడిమమీద తిప్పండి' అన్నాడు. దినాలు పట్టింది. మొదట నా భుజం పట్టుకోని, తర్వాత నా కొంగు పట్టుకోని, ఒకనాడు ఏమీ పట్టుకోకుండా తిరిగింది. కొండ వెనక్కి పోయింది, ఎదురుగా టీ అంగడి, ఆటోలు. 'ఏమీ కాలేదే!' అనింది చిన్నబిడ్డ మాదిరి. 'స్వామి ఏమనుకున్నాడో ఇంటికి పోతే తెలుస్తాది' అన్నాడు చిన్నబ్బ. 'నీ వీపు చూసి చూసి, నాది చూసి సంతోషపడుంటాడు పోబ్బా!' అనింది చంద్రకాంతమ్మ. మానుకున్నోళ్లంతా మళ్లా వచ్చినారు.

జాతర వచ్చింది. కుండ ఎత్తుకోనింది. ఒక చెయ్యి కుండకి ఆనించే వుండాదిలే, అంతమాత్రం బుద్ధి వచ్చింది. భాను వెనకాల రెండు చేతులూ చాపుకోని నడుస్తా వుంటే, 'చేతులు దించు భానూ, కోడిని పట్టేదాని మాదిరి వస్తా వుండావు!' అని తిట్టింది. గుడిముందర జనం, తోపులాట. అంబలి పోసేసి, ఆ సందులోనే వెనక్కి తిరగల్ల. భాను నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాది. చంద్రకాంతమ్మ నిలబడింది. తొందరపడలా. ఆ తోపులాటలో ఆమె ఒక్కతే తొందరపడలా. తిరిగింది. తిరిగి, మమ్మల్ని చూసి, మళ్లా అదే చిన్నబిడ్డ మాదిరి, 'ఏమీ కాలేదే!' అనింది.

చాల్లే. కూరకని నీకిచ్చిన ఆ చిక్కుడుకాయలు ఇట్ల తే. నార తీసేది మీ ఈడు పిల్లోళ్లలో ఒక్కరికీ రాదు.