కుడిచేతి గ్లౌజు

ఆ గ్లౌజా? అది అమ్మేది కాదు బిడ్డ. నీ బ్యాగు ఇటియ్యి ముందుగాల. జిప్పు మొత్తం మార్చాలె, జర టైం పడ్తది, కూసో. ఆ గ్లౌజు కుమారస్వామిది. నీ లెక్కనే నౌకరీ పరీక్షలకు సదువనీకి వచ్చిండు, జనగామ దిక్కు పోరడు, 2009ల. నా దుకాణం ఎన్కనే, ఈ అశోక్‌నగర్ హాస్టల్‌ల ఉండె. పొద్దుగాల ఆట, పగలంత చిక్కడపల్లి లైబ్రరీ. క్రికెట్ కాదయ్యా, బేస్‌బాల్ అంట. "కాక, నేను ఔట్‌ఫీల్డర్ను, దూరంగ నిలవడి లేసిన బంతి పట్టి విసురుడే నా పని" అనేటోడు. ఒక ఐతారం పోయి సూసిన. ఆ కొసకెల్లి ఈ కొసకు, బంతి నేల తాకకుంట వచ్చింది. మా ఇంటామె మనోరమకు చెప్తే, "కుట్టు పని ఇడిసిపెట్టి ఆటలు సూస్తున్నవా" అని గదే లొల్లి. ఆమె లొల్లి ఎప్పటికుండేదే.

ఏం చెప్తున్న? ఆ, పోరడు పుర్రచెయ్యోడు. ఎడమ చేత్తోనే విసురుతడు. టీముల గ్లౌజులేమో అన్ని కుడి చేత్తోని విసిరేటోళ్లయి, ఎడమ చేతికి తొడిగేటియే. ఇగ ఏం జేస్తడు? దాంట్లనే బంతి పట్టి, గ్లౌజు కుడి చంకల ఇరికిచ్చి, చెయ్యి గుంజి, బంతి తీసి విసురుడు. రెప్పకొట్టేంతల. నాకే పాణం ఆగలే. నలభై ఏండ్ల సంది తోలు కుడుతున్న, ఒక్క గ్లౌజు కుట్టలేనా అనుకున్న. పాత సూట్‌కేసు తోలు కోసి కుడి చేతికి కుట్టిన. సెలక్షన్ మ్యాచ్ రెండు రోజులుందనంగ ఇచ్చిన. దాంట్ల ఎంపికైతే నేషనల్స్ సర్టిఫికెట్, దాంతోని స్పోర్ట్స్ కోటాల నౌకరీ. ఊర్లె అవ్వ సమ్మక్క కూలికి పోతుండె, పోరని ఆశంత గా ఒక్క మ్యాచ్ మీదనే. "కాక, సగం ఆట నువ్వే గెలిపిచ్చినవ్" అన్నడు.

మ్యాచ్ ఆఖర్ల బంతి వీని దిక్కే లేసింది. పట్టిండు. బంతి పట్టినంక గూడ అవతలోడు ఉరుకొచ్చంట, వాడు చేరకముందే విసరాలె. నా గ్లౌజు కుడి చేతికుండె, ఎడమ చెయ్యి ఖాళీగనే ఉన్నది, విసిరితే అయిపాయె. అలవాటు బిడ్డ. గ్లౌజు చంకల పెట్టవోయిండు, బంతి కింద వడ్డది. అవతలోడు ఉరికి గెలిచిండు. ఇదంత సురేశ్ అని ఇంకో టీము పోరడు చెప్తే తెలిసింది. వీడేమో, "గ్లౌజు మంచిగున్నది కాక, నాకే వాటం కాలే" అన్నడు. వారానికి గది ఖాళీ చేసిండు. గ్లౌజు తుడిసి ఈడ పెట్టిపోయిండు. మళ్ల రాలే. ఒక్క మాట తిట్టి పోయినా బాగుండు. నేను మంచే చేసిన అనుకున్న.

ఇగో, అయింది నీ జిప్పు. పట్టీ గూడ ఒక దిక్కు గుంజుకపోయింది గని, దాన్ని ముట్టలే. నీకు అలవాటైన తీరుగనే ఉండని.