హారన్ మామ గిటారు ఆపిన బళ్లు

బళ్లు బాగుచేసే షెడ్డులో పని, టీ కొట్టు బల్ల మీద కాపురం. ఆయనకి హారన్ మామ అని పేరు పెట్టిందెవరో గానీ వాళ్ల నోట్లో పంచదార పొయ్య! ఒకసారి మోగడం మొదలెడితే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆ సాయంత్రం మాత్రం ఒక్క ముక్క చెప్పి ఊరుకుందామనే వచ్చాడు పాపం. పొద్దున షెడ్డుకి బయల్దేరేముందు, గిటారు మీద ఒక పాట మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా వాయించాడు. గురువు లేడు, బడి లేదు. ఫోన్లో చూసుకుంటూ, వేళ్లు వాచిపోతుంటే తిట్టుకుంటూ నేర్చుకున్న విద్య. వచ్చిందల్లా ఆ ఒక్క పాటే. అది షెడ్డు పెద్ద మేస్త్రీ పనిలో కూనిరాగం తీసే పాట. మామ చేతిలో మొదటిసారి స్పానరు పెట్టిన మనిషి ఆ మేస్త్రీ. చూపు మందగించి పని మానేస్తున్నాడు, మర్నాడే వీడ్కోలు. ఆయన ఎదుట కూర్చుని ఆ పాట వాయించాలని మామకి ప్రాణం కొట్టుకుంటోంది.

"రేపు నేను వాయిస్తా" అంటే అయిపోయేది. కానీ అంత చిన్న సంగతి ఆ నోటికి ఆనలేదు.

"గిటారు కొన్నానని చెప్పా కదా, ఇప్పుడు కాస్త చెయ్యి తిరిగిందిలెండి," అని మొదలెట్టాడు.

అక్కడే ఆగుంటే బాగుండేది. బస్సు కండక్టరు గ్లాసు దింపకుండానే "ఆఁ" అన్నాడు. ఆ ఆఁ విని మామకి చురుక్కుమంది.

"ఆఁ ఏమిటయ్యా ఆఁ! మొదటి రోజే తీగని బ్రేకు వైరు బిగించినట్టు బిగించా. టంగుమని తెగింది."

అంతవరకు నిజమే. తెగిన తీగ చెంప మీద గీత కూడా పెట్టింది.

"తెగితే మనం ఊరుకునే రకమా? షెడ్డులో పాత బ్రేకు వైరు ఉంటే, అందులోంచి ఒక పోగు లాగి కట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాకిట్లో కూర్చుని ఇలా మీటానో లేదో, వీధిలో పోతున్న మోటారు సైకిలు కీచుమని ఆగిపోయింది! వాడు కిక్కు కొడతాడు, తంతాడు, బతిమాలతాడు... ఊఁహూఁ. నేను తీగ వదిలేదాకా కదిలితే ఒట్టు."

"పెట్రోలు అయిపోయుంటుంది మామా," అన్నాడు కండక్టరు.

"ఒక్క బండికైతే అయిపోతుందయ్యా. దాని వెనకాల ఆటో, ఆటో వెనకాల నీళ్ల ట్యాంకరు, వాటన్నిటికీ ఒకేసారి అయిపోయిందా? హారన్లు కొడదామంటే అవి కూడా నా శ్రుతిలోనే మోగుతున్నాయి! ఇలా కాదని పక్కనే యాక్సిలేటరు వైరు కూడా కట్టా. ఈ తీగ మీటితే ఆగడం, ఆ తీగ మీటితే పోవడం. కూడలిలో ట్రాఫిక్ పోలీసు ఈల జేబులో వేసుకుని, 'మీరు కానివ్వండి గురువుగారూ' అని నడుం వాల్చాడు."

"చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్లేదు," అన్నాడు టీ బాబాయ్, నవ్వుతూనే టీ వడకడుతూ.

ఆ నవ్వు వింటే మామకి ఒక పక్క హుషారు, ఒక పక్క గుబులు. దారి తప్పుతున్నానని తెలుస్తూనే ఉంది. చెప్పాల్సింది ఇది కాదు. చూపుడువేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పెట్టి నొక్కాల్సిన చోటు ఒకటుంది ఆ పాటలో. అక్కడ నెలల తరబడి ఎలా ఆగిపోయాడో, విసుగొచ్చి గిటారుని మంచం కిందికి ఎలా తోసేశాడో, సిగ్గు లేకుండా మళ్లీ ఎలా లాక్కున్నాడో, అదీ చెప్పాల్సింది. కానీ అది ఎవరు వింటారు? ఈ బల్ల మీద తనకి చోటిచ్చింది కోతలే. అవి లేకపోతే తను కూడా టీ తాగి గ్లాసు పెట్టి లేచిపోయే మనిషే. అలా లేచిపోవాలంటే మామకి భయం.

"ఇంతేనా మామా?" కండక్టరు ఎగదోశాడు.

"ఇంతేనా అంటావా! మొన్న కాస్త మెల్లగా వాయిస్తుంటే రైలు ఆగింది. డ్రైవరు దిగి మా తలుపు కొట్టి, 'అయ్యా, తమ పాటయ్యాక సెలవిస్తే బయల్దేరతా' అన్నాడు. పైన విమానం కూడా ఆగింది."

"ఆగితే పడిపోదూ?"

"పడనిస్తానా? తీగ అలా వణికిస్తూ గాల్లోనే నిలబెట్టా. లోపలివాళ్లు కిటికీల్లోంచి చేతులూపారు. ఇక ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దు కూడా ఆగిపోయింది! ఎంతకీ చీకటి పడదు. కోళ్లు గూట్లోకి పోవాలా వద్దా అని గుమ్మంలో నిలబడి చూస్తున్నాయి. చివరికి మా ఆవిడొచ్చి, 'ఏమండీ, పిల్లలు నిద్రపోవద్దా, చాలించండి' అంటే వదిలా."

టీ బాబాయ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ లేచాడు. "సరే మామా, నీ మాటల్లో పడితే పనులు కావు. రేపు మేస్త్రీగారి వీడ్కోలుకి పాటలుండాలన్నారు. సౌండు బాక్సు మాట్లాడొస్తా."

మామ చటుక్కున గ్లాసు దింపాడు. "బాక్సెందుకు బాబాయ్? నేను... నేను వాయిస్తాగా."

ఈసారి ఇంకా పడిపడి నవ్వారు. "నువ్వొద్దు మామా! నువ్వు వాయిస్తే ఆయన ఇంటికెళ్లే బస్సు ఆగిపోతుంది," అన్నాడు కండక్టరు.

మామ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

అప్పుడు కొట్టు పక్కన ఫ్లాస్కులో టీ పోయించుకున్న టైలరమ్మ మూత బిగించి ఇటు తిరిగింది. ఆవిడ గదికీ మామ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆవిడ ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు మామ.

"అన్నయ్యా," అంది ఆవిడ, "నీ గిటారుకి లోకంలో ఆగింది ఒక్కటే ఒక్కటి. నా కుట్టుమిషను."

అందరూ తలలు తిప్పారు.

"నవ్వకండి, నా బాధ వినండి. ఈయన వాయిస్తుంటే నా కాలు తెలీకుండానే ఆ తాళానికి ఆడుతుంది. పాట ఒక చోటికి రాగానే ఈయన ఆగి వేళ్లకి చోటు వెతుక్కుంటాడు, నా కాలూ ఆగుతుంది. రోజూ అదే చోటు. అక్కడ కుట్టు వంకర పోయేది. ఎన్ని అంచులు విప్పి మళ్లీ కుట్టానో! గోడ మీద గుద్దుదామనుకున్నా."

"దొరికావు మామా!" కండక్టరు బల్ల చరిచాడు. మామ తలెత్తలేదు.

"నా మాట అవలేదు, ఆగవయ్యా," అంది టైలరమ్మ. "ఇవాళ పొద్దున్న ఒక పెద్ద పరదాకి అంచు కుడుతున్నా. ఆ చోటు వస్తోందని కాలు బిగబట్టుకున్నా. ఈయన ఆగలేదు. పాట సాఫీగా ముందుకెళ్లిపోయింది, నా కాలూ వెళ్లిపోయింది. ఈ కొసనుంచి ఆ కొసకి ఒక్క వంకర లేదు. ఎంత సంతోషమేసిందో! రైలన్నావు, విమానమన్నావు, పొద్దన్నావు. ఆ ఒక్క సంగతి చెప్పడానికి నోరు రాలేదేం అన్నయ్యా?"

పొయ్యి మీద పాలు పొంగబోతే టీ బాబాయ్ గబుక్కున దింపాడు.

"నమ్మరేమోనని," అన్నాడు మామ.

టీ బాబాయ్ ఆయన వైపు తిరిగాడు. "రేపు వాయిస్తావా మామా? కోతలొద్దు, నిజం చెప్పు."

మామ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఒక్క పాటే వచ్చు బాబాయ్. అదీ... జనం ముందు మళ్లీ అక్కడే ఆగినా ఆగుతానేమో."

ఆయన నోట అలాంటి మాట ఆ కొట్టు ఎన్నడూ వినలేదు. కండక్టరు నవ్వలేదు.

"నువ్వు ఆగితే మేమూ ఆగుతాంలే మామా," అన్నాడు. "మాకు మాత్రం తొందరేముంది?"

టీ బాబాయ్ సౌండు బాక్సు సంగతి వదిలేసి, మామ గ్లాసు నింపాడు.