గోడ మీది నంబరు

కంప్యూటర్ రిపేరు షాపు. సాయంత్రం నాలుగవుతోంది. బల్లకి ఒక పక్క మెకానిక్, ఇంకో పక్క ఒకావిడ.

“స్లో అయిందన్నారు కదా మేడమ్. స్లో ఏం లేదు, చక్కగా పనిచేస్తోంది.”

“అబద్ధం చెప్పాను. పక్కన ఎవరో ఉన్నారని.”

“వాళ్లు వెళ్లిపోయారు. చెప్పండి.”

“ఇందులోంచి నన్నెవరో చూస్తున్నారు. నవ్వకండి.”

“నవ్వట్లేదు.”

“రెండు ఉద్యోగాలొచ్చాయి నాకు. రెండుసార్లూ, వస్తానని మెయిల్ పెట్టిన గంటకే అక్కర్లేదని జవాబు. రెండోవాళ్లకి ఫోన్ చేసి అడిగాను. మీకు మతి సరిగ్గా ఉండదట కదా, మీవారు చెప్పారు అన్నారు. నేను ఆయనకి చెప్పనే లేదు. ఎవ్వరికీ చెప్పలేదు.”

“మరి ఇప్పుడు?”

“మూడోది వచ్చింది. వేరే ఊళ్లో. ఉండడానికి గది కూడా వాళ్లే ఇస్తారు. ఐదింటిలోగా వస్తానని రాయాలి. ఇదీ పోతే ఇక ఆ ఇంట్లోనే నా చావు.”

“అంతమాట ఎందుకు. మా సిస్టమ్‌లోంచి రాసెయ్యండి.”

“కొత్త సిస్టమ్‌లో తెరిస్తే ఓటీపీ ఆయన ఫోన్‌కి పోతుంది. దీంట్లో అయితే అడగదు.”

“సరే. నెట్ తీసేశాను, ఇప్పుడు మనం ఏం చేసినా బయటికి పోదు. వెనకాల ఏమేం నడుస్తున్నాయో చూద్దాం. ఇది ప్రింటర్‌ది. ఇది వైరస్ రాకుండా వేసింది. ఇది...”

“ఏంటది?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే ఆగారెందుకు?”

“ఉంది మేడమ్. మీరు కొట్టే ప్రతి అక్షరం రాసుకుంటోంది. స్క్రీన్ ఫొటోలు తీసి ఎవరికో పంపుతోంది.”

“ఎవరికో ఏంటి, ఆయనకే. తీసెయ్యండి.”

“పాస్‌వర్డ్ అడుగుతోంది. ఐదుసార్లు తప్పు కొడితే లాక్ పడిపోతుంది. అప్పుడు మొత్తం తుడిచి కొత్తగా వెయ్యాలి. మీ మెయిల్‌కి మళ్లీ ఓటీపీ కావాలి.”

“మా పెళ్లిరోజు కొట్టండి.”

“పెళ్లిరోజు గుర్తుపెట్టుకునే మనిషేనా?”

“నన్ను తిట్టడానికి గుర్తుంటుంది. కొట్టండి.”

“కాదు.”

“బండి నంబరు. ఇదిగో.”

“కాదు.”

“వాళ్లమ్మ పుట్టినరోజు... అదీ కాదా? ఆయన పేరే కొట్టండి. తనకంటే ముద్దొచ్చేవాళ్లు ఆయనకెవరూ లేరు.”

“కాదు. ఇక ఒక్కటే మిగిలింది. మేడమ్, ఇంకో షాపుకి తీసుకెళ్లండి. వీధి చివర ఒకతనున్నాడు.”

“నాలుగున్నర దాటింది అన్నయ్యా. ఇంకెక్కడికి తిరగను? మీ కాళ్లు పట్టుకుంటాను.”

“అసలు మా షాపుకే ఎందుకొచ్చారు?”

“లాప్‌టాప్ సంచిలో మీ కార్డు ఉంది. ఏం? ఆ గోడకేసి చూస్తున్నారేంటి?”

“కాసేపు మాట్లాడకండి.”

“ఏం కొడుతున్నారు? ఒక్కటే ఉందన్నారు. ఆగండి, నన్ను ఆలోచించ...”

“తెరుచుకుంది.”

“ఏంటీ?”

“తెరుచుకుంది. తీసేస్తున్నాను. ఒక్క నిమిషం... పోయింది. నెట్ పెట్టాను, ముందు ఆ మెయిల్ రాయండి.”

“పంపాను. వెళ్లింది. వెళ్లిందన్నయ్యా. ఇప్పుడు చెప్పండి, మీకెలా తెలుసు?”

“వదిలెయ్యండి. పని అయింది కదా.”

“ఎలా తెలుసు?”

“ఎవరైనా పాస్‌వర్డ్ మీరే పెట్టండి అంటే, అదిగో, ఆ గోడ మీద రాసిన మా షాపు ఫోన్ నంబరే పెడతాను. ఇంటికెళ్లి మార్చుకోండి అని చెప్తాను. ఎవరూ మార్చుకోరు.”

“అంటే...”

“దాన్ని ఇందులో వేసింది నేనేనమ్మా. పోయిన ఎండాకాలం. మీరు కూర్చున్న కుర్చీలోనే మీ ఆయన కూర్చున్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కూతురు ఎదుగుతోంది, తల్లి లేని పిల్ల, ఎవరి మాయలో పడుతుందోనని నిద్ర పట్టట్లేదన్నాడు. కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. నాకూ ఆడపిల్ల ఉంది కదాని పైసా తీసుకోలేదు. ఆ పాప ఎలా ఉందమ్మా?”

“మాకు పిల్లల్లేరు.”