కారు షెడ్డు గోడలు

ఎచ్చెర్ల దగ్గర ఉష వాళ్ల ఇంట్లో తాపీపని జరుగుతోంది. భక్తులను శ్రీకూర్మం తీసుకెళ్లే అద్దెకారు నడిపిన భర్తకు ఈ వేసవిలో పక్షవాతం వచ్చి కుడికాలు పట్టు తప్పింది. అప్పటినుంచి కారు షెడ్డులోనే ఉంది.

“బావా, మేస్త్రి అడుగుతన్నాడు. షెడ్డు లోపల గోడలకి ప్లాస్టింగు సేయించీమంటావా?”

“కారుకి నున్నటి గోడలెందుకే, ఉషా?”

“కారుకి కాదు.”

“నాకు తెలుసులే. ప్లాస్టింగు సేసి, రంగేసి, దాన్ని గది సేసెస్తావు. నీ కుట్టుమిషను అందులో ఎట్టుకుంతావు. కారు అమ్మెస్తావు.”

“అమ్మెస్తానని నానెప్పుడన్నాను?”

“నువ్వనకపోతే ఏటి? నడపనేనోడికి కారెందుకని ఊరంతా అంతన్నాది.”

“ఊరి గొడవ నాకెందుకు? రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని ఎల్లి, ఆ కార్లో స్టీరింగు ముందు కూకుంతావు కదా. నాను సూడనేదనుకున్నావా?”

“సూసినావా?”

“సూసినాను. ఆ గోడల్నుంచి ఇటికపొడి రాల్తాది. నువ్వు రాత్రంతా దగ్గుతావు. అందుకే అడిగినాను.”



“సరే, సేయించు. పని అయ్యేదాకా కారు బయటెట్టాల.”

“పక్కింటోల్లని పిలిసి తోయిస్తాను.”

“తొయ్యక్కర్నేదు. నువ్వే తియ్యి.”

“నాకొస్తాదేటి, బావా?”

“పక్క సీట్లో నానుంతాను కదా, సెప్తాను. తాళాలు అట్టుకురా. ఎక్కగానే సీటు ముందుకి జరుపుకో, నేకపోతే నీ కాళ్లందవు.”